పుస్తెల పనితనం

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, కొండాపూర్‌ల రూపే మారిపోయింది. అక్కడి అద్దాల మేడల కన్నా నాకు ముచ్చటగొలిపేది పుస్తెలు చేసే కంసాలి పని.

తెలుగు పెళ్లిలో పుస్తెలు రెండు: పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. ఏ ఇంటి తీరు ఆ ఇంటిదే. కొందరికి బొడ్డు తేలిన గుండ్రని బిళ్ల, కొందరికి నామం, ఇంకొందరికి లింగం. పల్చటి బంగారు రేకును అచ్చు మీద పెట్టి, సుత్తితో మెల్లగా తడుతూ ఆ ఉబ్బు తేవాలి. దెబ్బ కాస్త గట్టిదైతే రేకు చిట్లుతుంది. ఆపైన వెలిగారం రాసి, దారం దూరే గొట్టాన్ని టంకంతో అతకాలి. అతుకు కనబడకూడదు. పని తెలిసేది అక్కడే.

ఐడీ కార్డు పట్టీకి చిక్కుకోకుండా నల్లపూసలు కురచగా కట్టివ్వమంటారు ఆ అద్దాల మేడల్లోని ఉద్యోగినులు. (నాకు మాత్రం పొడుగు పేటే అందం.) పొడవు తగ్గినా పుస్తెల పక్కన పగడం, ముత్యం ఉండాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2 గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మీ పుస్తెలు అంత తేలికైనవైతే బరువు, క్యారెట్ రాసిన రసీదు అడిగి తీసుకోండి. మంచి పనివాడు ఏమీ అనుకోడు.