విత్తనానికి విడిచిన గోగు

గోగునార అనగానే అందరికీ ఊరబెట్టిన కట్టల కంపు, నడుములోతు నీళ్లలో నార ఒలిచే చేతులే గుర్తొస్తాయి. ఆ చేతులకు మెప్పు దక్కాల్సిందే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గోగు రైతు అసలు నేర్పు విత్తనం దగ్గర ఉంది. నార కోసమైతే పూత సగంలో ఉండగానే కోయాలి. అప్పటికి కాయలో గింజ ముదరదు. అందుకే విత్తనానికి కొన్ని మొక్కలు వదలాలి. అవీ ఏవంటే అవి కాదు: కొమ్మలు వేయకుండా నిటారుగా ఎదిగి, ఆలస్యంగా పూసినవి. పగటి పొద్దు తగ్గేకొద్దీ పూసే పంట ఇది. తొందరపడి పూసిన మొక్క పొట్టిగా ఆగిపోతుంది, దాని నారా పొట్టిదే. గోంగూర జాతి గోగు ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది గనుక ఈ ఏటి ఎంపిక మరుసటి ఏటికి చెదరదు.

ఆమదాలవలస పరిశోధన కేంద్రం మేలు రకాలు ఇస్తుంటే ఈ పాత కన్నెందుకని అడగొచ్చు. అక్కడ జరిగేదీ ఎంపికే, కాకపోతే కొలిచి, రాసి పెట్టుకుని చేస్తారు. ఆ రకమైనా చేలో నిలవాలంటే కల్తీ మొక్కను పూతకు ముందే పీకేసేవాడు ఉండాలి. ప్లాస్టిక్ సంచులొచ్చాక నారకే గిరాకీ లేదన్నది గట్టి అభ్యంతరం. 1987 నాటి చట్టం గోనెసంచులకు అండగా నిలిచినా సాగు తగ్గింది. అది బేరం లోపం, నేర్పు లోపం కాదు. గోగు వదిలిన రైతుల్లో చాలామంది మొక్కజొన్నకు మళ్లారు. ఆ హైబ్రిడ్ విత్తనం ఏటా కొట్లో కొనాల్సిందే.