పెనాంగ్ కాఫీ: చవక గింజకు పనితనం తెచ్చిన రుచి

మలేషియా వాయవ్య తీరాన ఉన్న పెనాంగ్ దీవికి ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఇక్కడ రేవు నెలకొల్పాడు. అప్పటినుంచి చైనీయులు, తమిళులు, మలయ్‌లు, అరబ్బులు వచ్చి కలిసిన ఊరిది. తెల్లవారగానే ఇక్కడ ముందు నిండేవి పాతకాలపు కాఫీ దుకాణాలు. కొపితియమ్ అంటారు వాటిని. అక్కడి కాఫీ మొదటిసారి రుచిచూసే తెలుగువాడికి ‘చికోరీ దండిగా వేశారు, బెల్లం కూడా కలిపినట్టున్నారు’ అనిపించడం ఖాయం. నిజానికి రెండూ వేయరు. ఆ నలుపూ, చేదు వెనకాల తగిలే ఆ మాడుతీపీ గింజ వేయించే తీరులోనే పుట్టాయి. మేలురకం గింజ అందుబాటులో లేనివాళ్లు చేతి పనితనంతో సొంత రుచిని సృష్టించుకున్న కథ ఇది.

ఆ చేతులు ఎక్కువగా హైనాన్ వాళ్లవి. దక్షిణ చైనాలోని హైనాన్ దీవి నుంచి వాళ్లు మలయాకు (నేటి ద్వీపకల్ప మలేషియాకు) వచ్చేసరికే వ్యాపారాలు, గనులు ముందొచ్చిన హొక్కియెన్, కాంటనీస్ చైనీయుల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది వంటపని. తెల్లదొరల బంగళాల్లో, హోటళ్లలో, ఓడల్లో వంటవాళ్లుగా చేరి రొట్టె, వెన్న, గుడ్డు, కాఫీల మర్మం పట్టేశారు. తర్వాత సొంతంగా దుకాణాలు తెరిచి, దొర తినే ఫలహారాన్ని కూలివాడికి అందే ధరకు దించారు. జార్జ్‌టౌన్‌లో మంత్రి వీధిలోని హైనాన్ వాళ్ల గుడి ఆ సమాజానికి నేటికీ ఆనవాలు.

ఇక గింజ సంగతి. మేలైన అరబికాకు కొండల ఎత్తు, చల్లదనం కావాలి. మలయా పల్లపు నేలల్లో పండేవి లైబీరికా, రొబస్టా రకాలు. రొబస్టా చవకే గాని చేదెక్కువ, మోటుదనం ఎక్కువ. దాన్ని లొంగదీసే పని వేయించేవాడిది. గింజలు పీపాలో తిరుగుతూ బాగా నల్లబడే వేళకు, విడిగా చక్కెరను ముదురు పాకం పట్టి అందులో పోస్తాడు. మార్గరిన్, కాస్త ఉప్పు కూడా పడతాయి. పొగ గుప్పున లేస్తుంది. ప్రతి గింజకూ పాకం పట్టగానే మొత్తాన్ని పళ్లెంలో కుమ్మరించి గబగబా పరుస్తారు. ఆలస్యమైతే ముద్దకడుతుంది. చల్లారిన అచ్చును వేరుసెనగ చిక్కీలా విరగ్గొట్టి, బరకగా మరపడతారు. పాకం ఒక క్షణం తగ్గితే రుచి పలచన, ఒక క్షణం ఎక్కువైతే బొగ్గు. ఇందులో లెక్కలూ ఉన్నాయి: చక్కెర గింజకన్నా చవక, పైగా తూకం పెంచుతుంది, రంగు తెస్తుంది. మన దగ్గర చికోరీ చేసే పని ఇక్కడ మాడిన చక్కెర చేస్తోందన్నమాట. ప్రధాన భూభాగంలోని ఇపో పట్టణం వాళ్లు చక్కెర మానేసి మార్గరిన్‌తోనే వేయిస్తారు. అలా వచ్చిందే ‘వైట్ కాఫీ’. ఆ తెలుపు పాలవల్ల వచ్చింది కాదు, వేయింపు తేలికపడటంవల్ల వచ్చింది.

కాచడానికి ఫిల్టరు ఉండదు. పిడి ఉన్న ఇనుప కమ్మీకి కుట్టిన పొడవాటి గుడ్డసంచే పరికరం. సంచిలో పొడి వేసి, పొడుగు ముక్కున్న రేకు కూజాలో దించి, సలసల కాగే నీళ్లు పోస్తారు. కాసేపు నానాక సంచిని పైకెత్తి, దిగిన డికాక్షన్‌ను మళ్లీ ఆ పొడిమీదే, ఒక కూజా నుంచి ఇంకో కూజాకు మారుస్తూ పోస్తారు. వాడేకొద్దీ సంచి నల్లబడుతుంది. పోసేముందు దళసరి పింగాణీ కప్పును వేడినీళ్లతో తొలుస్తారు. కప్పు చల్లగా ఉంటే కాఫీ చప్పబడుతుందని వాళ్ల పట్టుదల. అడుగున తీపి డబ్బాపాలు, పైన గట్టి డికాక్షన్, ఆపైన వేడినీళ్లు. వచ్చేది రెండు పొరలుగా వస్తుంది. చెంచాతో కలుపుకోవడం తాగేవాడి వంతు.

అడిగే పద్ధతి తెలిస్తే సగం పని అయినట్టే. ఊరికే ‘కొపి’ అంటే తీపి డబ్బాపాలతో ఇస్తారు. ‘కొపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. ‘కొపి సి’ అంటే తీపిలేని చిక్కటి డబ్బాపాలు, చక్కెర విడిగా. చివర ‘కోసోంగ్’ చేరిస్తే చక్కెర ఉండదు, ‘పెంగ్’ అంటే ఐసు పడుతుంది. వేయింపు ఎలా ఉందో తెలియాలంటే మొదట అడగాల్సింది కొపి ఓ కోసోంగ్. పాలూ చక్కెరా దాచే లోపాలన్నీ అందులో బయటపడతాయి.

తోడుగా వచ్చే ఫలహారంలోనూ ఆ పాత వంటవాళ్ల తెలివే. జామ్ బదులు కయా: కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండన్ ఆకు వేసి సన్నసెగమీద కలుపుతూ దగ్గరపడనిచ్చేది. హైనాన్ కయా గోధుమ రంగు, చైనా, మలయ్ సంప్రదాయాలు కలిసిన న్యోన్యా ఇళ్లది ఆకుపచ్చ. బొగ్గులమీద కాల్చిన రొట్టె మధ్య ఈ కయా, చల్లటి వెన్నముక్క పెడతారు. సగం ఉడికిన గుడ్లమీద సోయా సాస్, తెల్లమిరియాల పొడి. క్యాంప్‌బెల్ వీధి పక్క సందులో తో సూన్ అనే దుకాణం రొట్టెను ఇప్పటికీ ఇనుప పీపాతో చేసిన బొగ్గుపొయ్యిలోనే కాలుస్తుంది.

దుకాణం నడిచే తీరు కూడా తెలుసుకోదగ్గదే. చాలాచోట్ల యజమాని అమ్మేది పానీయాలే. ముందుభాగంలో బండ్లకు చోటు అద్దెకిస్తాడు. ఒకరు చార్ కోయ్ తియో అనే బియ్యపు నూడుల్స్ వేయిస్తారు, ఇంకొకరు రొయ్యల రసంలో నూడుల్స్ వడ్డిస్తారు. ఏ బండిలో తిన్నా, కూర్చున్నందుకు కాఫీ యజమాని దగ్గర ఒక పానీయం చెప్పడం మర్యాద. పెద్ద పెట్టుబడి లేని వంటవాడికి ఇలా తలమీద పైకప్పు దొరుకుతుంది, కాఫీవాడికి గిరాకీ దొరుకుతుంది. పందిమాంసం వండే దుకాణాలకు ముస్లింలు రారు. వాళ్ల కబుర్లు తమిళ ముస్లింల మామక్ దుకాణాల్లో, నురుగు తేలే తే తారిక్ టీ ముందు సాగుతాయి.

తెలుగువాళ్లకు ఈ రేవు కొత్తేమీ కాదు. మద్రాసు, నాగపట్నం నుంచి కూలీలను తెచ్చిన ఓడలు ఇక్కడ ఆగేవి. ఇక్కడినుంచి వాళ్లను తోటలకు పంపేవారు. పేరాక్ రాష్ట్రంలోని బాగన్ దతుక్ (పాత పేరు బాగన్ దతో) ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. రబ్బరు రాకముందు మలయా తోటల్లో కాఫీ కూడా ఒక ముఖ్యమైన పంట. బ్రెజిల్ ఉత్పత్తి పెరిగి 1890ల చివర్లో ధర కుప్పకూలాక తోటలు రబ్బరువైపు మళ్లాయి.

పాత దుకాణాలకు అసలు గండం అద్దె రూపంలో వచ్చింది. అద్దె నియంత్రణ చట్టం రద్దయి 2000 జనవరి నుంచి అద్దెలు స్వేచ్ఛగా పెరిగాయి. ఎన్నో కుటుంబాలు పాతపట్టణం విడిచిపెట్టాయి. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కాక పర్యాటకులూ పెరిగారు, హోటళ్లూ పెరిగాయి. గోడలకు రక్షణ దొరికింది గాని, గోడలమధ్య పొద్దున్నే పొయ్యి వెలిగించేవాడికి అంత భరోసా దొరకలేదు. కొత్త కెఫేల్లో ఎస్ప్రెసో బాగానే ఉంటుంది, దానిమీద కోపం అక్కర్లేదు. కానీ ఆ కెఫే ఏ నగరంలోనైనా ఉండగలదు. పాకం పట్టి గింజ వేయించే మనిషి మాత్రం చిన్న అద్దె, రోజూ వచ్చే మనుషులు ఉన్నచోటే బతకగలడు. వారసత్వమని ముచ్చటపడేవాళ్లు కట్టడానికి సున్నం కొట్టించడంతోపాటు ఆ అద్దె సంగతీ పట్టించుకుంటేనే ఈ కాఫీ మిగులుతుంది.