‘సైలెంట్ స్ప్రింగ్’లో జీవకణము: ఒక విమర్శ

అమెరికన్ జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ పురుగుమందుల విషయమై ప్రపంచమును మేల్కొలిపిన గ్రంథము. పురుగులు మందులకు అలవాటుపడి లొంగకుండునని అందులో చెప్పిన మాటను 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు తెల్లదోమ వలన కన్నీటితో తెలిసికొనిరి. ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు తప్పక చదువదగిన పుస్తకమిది.

అయితే జీవకణమును, కాన్సరును వివరించు 13, 14 అధ్యాయములను నేడు చదివినపుడు ఒక వెలితి తోచును. రసాయనములు క్రోమోజోములను దెబ్బతీయుట అందు కలదు. ఆ దెబ్బను కణము తానే బాగుచేసికొనుట లేదు. పైగా శ్వాసక్రియ చెడుటయే కాన్సరుకు మూలమన్న వార్బర్గ్ సిద్ధాంతమునకు పెద్దపీట వేయబడినది. జన్యువులలోని మార్పులే ప్రధానమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మొదటి వెలితి రచయిత్రి దోషము కాదు. చెడిన భాగమును కత్తిరించి పూరించు మరమ్మతు 1964లో గాని బాక్టీరియాలో బయటపడలేదు.

ఆ మరమ్మతు ఎట్టిదో తెలియుటకు మిరప కల్లమునే ఉదాహరణముగా తీసికొనవచ్చును. తడిసిన కాయకు ఒక జాతి బూజు పట్టినచో అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. తిండితో అది కాలేయము చేరగా, అక్కడి ఎంజైములే దానిని చురుకైన రూపమునకు మార్చును. అది డి.ఎన్.ఎ.లోని గ్వానిన్‌ను అంటిపట్టుకొనును. కాపలా ప్రోటీనులు ఈ తేడాను పసిగట్టగా, ఎంజైములు ఇరుప్రక్కల కోసి, దాదాపు 30 న్యూక్లియొటైడుల ముక్కను తొలగించును. ఎదుటి పోగును చూచి వేరొక ఎంజైము ఖాళీని నింపును. లైగేజ్ అతుకు వేయును. డి.ఎన్.ఎ. మరమ్మతు పరిశోధనలకే లిండాల్, మోడ్రిచ్, సాంకార్‌లకు 2015లో నోబెల్ బహుమతి లభించినది.

అట్లని నిర్లక్ష్యము పనికిరాదు. డి.ఎన్.ఎ.కు నకలు తయారగులోగా మరమ్మతు ముగియనిచో తప్పు స్థిరపడును. పి53 అను రక్షక జన్యువులో అట్టి తప్పు పడుట కాలేయ కాన్సరుకు దారితీయగలదు. జిరోడెర్మా పిగ్మెంటోజమ్ రోగుల కణములలో ఈ మరమ్మతు లోపించినదని 1968లో క్లీవర్ చూపెను; వారికి ఎండ తగిలిన చోటనే చర్మ కాన్సరు వచ్చును.

కావున పొలము పిల్లలకు రెండు మాటలు చెప్పవలెను. విషము సోకిన ప్రతివానికి కాన్సరు తప్పదన్నది అసత్యము. కణమే చూచుకొనునన్న ధీమా ప్రమాదము. పైగా పురుగుమందులన్నియు డి.ఎన్.ఎ.నే దెబ్బతీయునని అనరాదు. కార్సన్ వివరణలో కొంత పాతబడినది గాని, వ్యాధి వచ్చిన పిదప వైద్యముతోపాటు, రాకముందే కారణమును తొలగింపవలెనన్న ఆమె నిర్ణయము నిలిచినది. మరమ్మతుకు హద్దు కలదని తెలిసిన నేడు దానికి బలము మరింత హెచ్చినది. మిరపకాయను బాగుగా ఎండబెట్టి, తడి తగులకుండ కాపాడుట కణమునకు ఆ భారమును తగ్గించుటయే.