ఖాళీ గడి

వాన లెక్కలు సరిచూసే పనిలో చేరిన కొత్తలో, ఎక్సెల్‌లో ఖాళీ గడి కనబడితే చాలు, సున్నా కొట్టేసేవాణ్ణి. ఒక మండలంలో ఆగస్టంతా సున్నాలే. పక్క మండలాల్లో చెరువులు అలుగు పారుతుంటే ఇక్కడ కరువని మ్యాపులో ఎర్రరంగు పూశాను. తీరా ఆరా తీస్తే కరువూ లేదు, కాటకమూ లేదు. రెయిన్‌గేజ్ చూసే మనిషి నెలంతా సెలవులో ఉన్నాడు. సున్నా అంటే చూశాను, పడలేదు అని. ఖాళీ అంటే అసలు చూడలేదని.

అప్పట్నుంచీ అంకెల పక్కన 'సంగతి' అని ఒక వరస పెట్టుకున్నాను. ఎవరు కొలిచారు, దేంతో, ఎప్పుడు. మన దగ్గర ఉదయం 8:30కి తీసే రీడింగు వెనకటి 24 గంటల వాన. కాబట్టి 27వ తేదీ కింద రాసిన వాన 26 సాయంత్రం కురిసిందే కావచ్చు. చాలా ఉపగ్రహ లెక్కల్లో రోజు మారేది గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే మనకి తెల్లవారుజామున 5:30కి. ఈ ముక్క రాసుకోకపోతే రెండూ పక్కపక్కన పెట్టి ఉపగ్రహాన్ని తిట్టుకుంటాం.

మా పనిలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడటాన్ని నాసా కంప్యూటర్ తప్పుడు లెక్క అనుకొని పారేసిందట. పారేయలేదు. నింబస్-7 ఉపగ్రహం కొలతల్లో ఓజోన్ 180 డాబ్సన్ యూనిట్ల లోపు వచ్చినవాటికి 'అనుమానం' అని గుర్తు తగిలించి అట్టే ఉంచారు. 1984లో ఆ గుర్తులు గుట్టలుగా పెరుగుతున్నాయని పవన్ భార్తియా పనిచేసిన బృందం గమనించింది. సరిచూసుకుందామని దక్షిణ ధ్రువం స్టేషన్ లెక్క తీస్తే, అక్కడ 300 దాకా ఉంది! తర్వాత తేలిందేమిటంటే, నేలమీది పరికరాన్నే సరిగా వాడలేదు. ఈలోగా అంటార్కిటికాలోనే ఉన్న హాలీ బే స్టేషన్ కొలతలతో జో ఫార్మన్ బృందం ఓజోన్ పలచబడిందని 1985 మేలో 'నేచర్'లో పేపరు వేసేసింది. మనిషి కళ్లారా చూసిన రీడింగే గట్టిదనుకునే నాబోటివాడికి ఈ కథ ఇప్పటికీ మింగుడుపడదు.

అలాగని వింత అంకెలన్నీ నిజాలూ కావు. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైంది. సెన్సరు 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని వాతావరణ శాఖ తర్వాత తేల్చింది. 52.9 మాత్రం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, సంగతి వరస లేకుండా.

నా ఆగస్టు సున్నాలని మళ్లీ ఖాళీ చేశాను. కానీ ఆ ఏడాది మిగతా నెలల్లోనూ నా సున్నాలున్నాయి. ఆ నెలల సున్నాల్లో వాన పడని రోజులేవో, నేను నింపినవేవో పోల్చుకోవడం నావల్ల కాలేదు.