క్లాసిక్ అను విశేషణము: ప్రాచీనమా, ప్రామాణికమా?

తమిళనాట మైనారిటీ భాషా పాఠశాలలో తెలుగు చెప్పుచున్న నన్ను తొమ్మిదవ తరగతి బాలిక యొకతె యిట్లడిగినది: "సార్, తెలుగును ప్రాచీన భాష అంటారు గదా. లాటిన్ మాదిరి మనదీ ఎవరూ మాట్లాడని భాష అయిపోయిందా?" ఆమె యింట మాటాడునది తెలుగే. అయినను సందేహము కలిగినది. ఈ దోషము బాలికది కాదు. ఒక పరభాషా విశేషణమునకు మనము చేసికొన్న యనువాదముది. ఆ విశేషణము యొక్క చరిత్రను విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఇంగ్లీషున క్లాసిక్, క్లాసికల్, ఫ్రెంచిలో క్లాసీక్, జర్మనులో క్లాసిష్, ఇటాలియనులో క్లాస్సికో, స్పానిషులో క్లాసికో. ఇవి యన్నియు లాటిను భాషలోని 'క్లాస్సికుస్' సంతతి. దానికి మూలమైన 'క్లాస్సిస్' అను పదమునకు వర్గమని యర్థము. సెర్వియుస్ తుల్లియుస్ అను రాజు ఏర్పరచెనని చెప్పబడు జనగణనలో రోమను పౌరులు ఆస్తినిబట్టి అయిదు వర్గములుగా విభజింపబడిరి. అందు 1,25,000 రాగి నాణెములు గాని అంతకు మించి గాని ఆస్తిగల మొదటి వర్గమువారికే క్లాస్సికులను పేరు చెల్లెడిదని క్రీ.శ. 2వ శతాబ్దివాడగు ఔలుస్ గెల్లియుస్ వ్రాసినాడు. తక్కినవారందరును వర్గమునకు దిగువవారే. కావున ఈ మాట పుట్టినది ఆస్తుల చిట్టాలో గాని కవితాగోష్ఠిలో గాదు.

దీనిని సాహిత్యమునకు మరలించిన ఘట్టమును సయితము గెల్లియుసే తెలిపినాడు. ఇసుక అను నర్థముగల లాటిను పదమునకు బహువచనము చెల్లునా యని యొక చర్చ వచ్చెను. అప్పుడు ఫ్రోంతో అను వక్త, పూర్వులైన వక్తలలోనో కవులలోనో మొదటి వర్గమునకు చెందినవాడెవడైన నట్లు ప్రయోగించెనేమో వెదకుడని చెప్పెనట. ఆస్తిలేనివాని ప్రయోగము పనికిరాదని భావము. మన లాక్షణికులకిది క్రొత్త పద్ధతి కాదు. అప్పకవి మొదలగువారు శబ్దసాధుత్వమునకు పూర్వకవి ప్రయోగమునే గదా చూపినది! ఫ్రోంతో వెదకుమన్నది పూర్వులలోనే యైనను, క్లాస్సికుస్ అను మాట తెలుపునది వయస్సును గాదు, యోగ్యతను. అందుచే సాహిత్యమున దీని తొలి యర్థమునకు సరియైన తెలుగు మాట 'ప్రామాణికుడు'.

వయస్సు దీనికి పిమ్మట నంటుకొన్నది. ఫ్రెంచి అకాడమీ వారి 1694 నాటి నిఘంటువు క్లాసీక్ అను మాటకు ప్రాచీనతను, ప్రామాణ్యమును రెంటిని జతచేసి యర్థము చెప్పినది. చిత్రమేమనగా, ఆ శతాబ్దివారేయైన కోర్నెయి, మోలియేర్, రసీనులు తరువాతివారి కదే విశేషణమునకు పాత్రులైరి. జర్మనుల కది వైమారు నగరమున వెలసిన గోథె, షిల్లరులను సూచించును. సంగీతజ్ఞులకు హైడన్, మొజార్ట్, బెతోవెన్ల కాలమును సూచించును. వీరిలో నెవ్వరును ప్రాచీనులు కారు. 1850లో సేంత్ బవ్ అను ఫ్రెంచి విమర్శకుడు ఈ పదపు సరిహద్దులను విశాలము చేసి, మానవ మనస్సును సంపన్నము చేసిన రచయితల కెల్ల నందు చోటు కల్పింపజూచెను. 1944లో టి.ఎస్. ఎలియట్ పరిపక్వతయే దీని ప్రధాన లక్షణమని చెప్పి, ఆ పీఠమున వర్జిల్ మహాకవినే కూర్చుండబెట్టెను. ఎలియట్ వాదము గంభీరమే. కాని అందు రోమను ఆస్తి చిట్టా నీడ యింకను తొలగలేదని నా యభిప్రాయము. పండితుల పట్టికలలో చిరకాలము చోటు దొరకని మన వేమన ఆ కొలతకు నిలుచునా? 1829లో బ్రౌను దొర అచ్చొత్తించుటకు ముందే వేమన పద్యములను ప్రజలు కంఠస్థము చేసియుండిరి. సేంత్ బవ్ కొలతకైనచో వేమన నిస్సందేహముగా నిలుచును.

ఇక మన దేశమునకు వత్తము. భారత ప్రభుత్వము ఈ విశేషణమును 2004లో తమిళమునకు, 2005లో సంస్కృతమునకు, 2008లో తెలుగు, కన్నడములకు, 2013లో మలయాళమునకు, 2014లో ఒడియాకు, 2024లో మరాఠీ మున్నగువానికి ఇచ్చినది. ఒక్క మాటను ఇరుగుపొరుగువారు ఎన్ని విధముల తమదిగా జేసికొనిరో చూడుడు. తమిళులు 'సెమ్మొళి' యనిరి. తీర్చిదిద్దబడిన చక్కని భాష యని భావము. మలయాళులు 'శ్రేష్ఠభాష' యనిరి. మరాఠీలు 'అభిజాత' మనిరి. కులీనతను తెలుపు నీ మాట రోమను మూలమునకు మిక్కిలి చేరువ. కన్నడిగులును ఒడియావారును 'శాస్త్రీయ' మనిరి. మనమును సంగీతము విషయమున నట్లే యనుచున్నాము. భాష విషయమున మాత్రము మనము 'ప్రాచీన' మంటిమి.

అనువాదకులను పూర్తిగా నిందింపరాదు. 1500 మొదలు 2000 ఏండ్ల చరిత్ర యుండవలెనని ప్రభుత్వ నిబంధనయే కోరినది. కాని విలువైన ప్రాచీన సాహిత్యము, స్వతంత్రమైన సాహిత్య సంప్రదాయము ఉండవలెననియు అదే నిబంధన కోరినది గదా! మనము వయస్సును మాత్రమే పేరునకెక్కించి, విలువను విడిచితిమి. తెలుగునాట ఈ లోపము అంతగా బాధింపకపోవచ్చును. అచట భాష వీధివీధిని వినబడును. మా బోటి యెడల పిల్లలకు తెలుగు అక్షరము కనబడునది పాఠశాలలోనే. వారితో మీ భాష ప్రాచీనమనిన, దూరమునుండి నమస్కరించి వెళ్లుడని చెప్పినట్లే.

ఆ బాలికకు నేను వెంటనే బదులు చెప్పలేదు. మరునాడు విజయవిలాసము తెచ్చి ఒక పద్యము చదివించితిని. చేమకూర వేంకటకవి దానిని 17వ శతాబ్దిలో, తంజావూరు రఘునాథనాయకుని కాలమున, ఈ తమిళగడ్డమీదనే రచించినాడు. నిబంధనలోని యేండ్ల లెక్కకు అది ప్రాచీనము కాదు, అయినను ప్రామాణికము. పద్యములోని శ్లేషను విడదీసి చూపగా ఆమె నవ్వినది. ఇంకొక పద్యము చదువుమన్నది.

కవుల విషయమున 'ప్రామాణిక' మనియు, భాష విషయమున 'విశిష్ట' మనియు వాడుట మేలని నా మనవి. పండితులు ఇంతకంటె మంచి మాట చూపినచో సంతోషముతో స్వీకరింతును. అది మాత్రము పిల్లలను పుస్తకమునకు దగ్గర చేయు మాట కావలెను.