కనిపెట్టే విద్య

1522లో స్పెయిన్‌లోని మాన్సెరాట్ కొండవైపు వెళ్తున్న ఒక సైనికుడికి దారిలో మూర్ జాతి ముస్లిం ఒకడు తోడయ్యాడు. ఇద్దరూ కంచర గాడిదల మీద పక్కపక్కనే సాగుతున్నారు. మాట మరియమాత కన్యత్వం మీదికి మళ్ళింది. మూర్‌కు నమ్మకం కుదరలేదు. వాదన తేలకముందే అతను తన జంతువును అదిలించి ముందుకు వెళ్ళిపోయాడు. సైనికుడికి మాత్రం లోపల రగులుతూనే ఉంది. దేవమాతను అంతమాట అన్నవాణ్ణి వెంటాడి బాకుతో పొడవాలా, పోనీలే అని వదిలేయాలా? ఎంత ఆలోచించినా తెగలేదు. చివరికి దారి చీలేచోట పగ్గాలు వదిలేశాడు. గాడిద మూర్ వెళ్ళిన ఊరివైపు తిరిగితే పొడవడం, పెద్ద బాటన సాగిపోతే వదిలేయడం. ఊరు కూతవేటు దూరంలోనే ఉంది, దారి వెడల్పుగా చదునుగా ఉంది. అయినా గాడిద పెద్ద బాటే పట్టింది. ఒక ప్రాణం నిలిచింది.

ఆ సైనికుడు ఇగ్నేషియస్ లొయోలా, తర్వాత యేసు సభను స్థాపించినవాడు. తెలుగు కథోలిక ఇళ్ళలో వినిపించే ఇన్నాసి, ఇన్నయ్య అన్న పేర్లు ఆయన పేరు నుంచి వచ్చినవే. చివరి సంవత్సరాల్లో జీవితకథ చెప్పి రాయిస్తున్నప్పుడు ఆయన ఈ సంగతిని దాచుకోలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. మంచి చేయాలన్న కోరిక ఎంత ఉన్నా తన ఆత్మ అప్పటికింకా గుడ్డిదేనని చూపడానికి చెప్పాడు.

ఆ కంచర గాడిద మనకు కొత్తదేమీ కాదు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే జవాబనుకునేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డును కొత్త ఏడాదికి ధైర్యంగా దాచుకోవడం ఒక ఎత్తు, దాన్ని బట్టే ఇల్లు అమ్మాలో వద్దో తేల్చుకోవడం ఇంకో ఎత్తు. 'ఈ శుక్రవారంలోగా వీసా వస్తే దేవుని చిత్తం, రాకపోతే కాదు' అని గడువు పెట్టడం, బైబిల్లో గిద్యోను దేవుణ్ణి గుర్తు అడుగుతూ పరచిన గొర్రెబొచ్చుకు కొత్త రూపం. మత్తీయను పన్నెండో అపొస్తలుడిగా తీసుకోవడానికి శిష్యులు చీట్లు వేసిన మాట నిజమే. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ కూడా 1737లో జార్జియాలో సోఫియా హాప్కీని పెళ్ళాడాలా వద్దా అని మూడు చీట్లు రాసి తీయించాడు. ఇక ఆ ఊసే తలపెట్టవద్దన్న చీటీ వచ్చింది. పెళ్ళి జరగలేదు. ఆ వ్యవహారం రేపిన గొడవల్లో అదే ఏడాది చివర ఆయన ఆ వలస రాజ్యాన్నే విడిచి వెళ్ళాల్సి వచ్చింది.

తెలుగు క్రైస్తవుల వాడుకలో 'కనిపెట్టు' అనే మాట ఉంది. బయట ఆ మాటకు కొత్త సంగతి కనుక్కోవడమని అర్థం. ప్రార్థనలో 'ప్రభువు సన్నిధిలో కనిపెట్టడం' అంటే ఓర్పుగా కాచుకుని ఉండటం. ఇంట్లో 'పిల్లవాణ్ణి ఓ కంట కనిపెట్టు' అంటే వాడి కదలికలు గమనించమని. గమనించడం, కాచుకోవడం, తెలుసుకోవడం మూడూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 'ఆత్మల వివేచన' అని పేరు పెట్టిన వరం అభ్యాసంలో నడిచేది సరిగ్గా ఈ మూడు మెట్ల మీదే. గాడిదకు పగ్గాలు వదిలినవాడు మొదటి రెండూ ఎక్కకుండా మూడోదాని మీదికి దూకబోయాడు.

నిజానికి మొదటి మెట్టు ఆయనకు ముందే తగిలింది. 1521 మే 20న పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి ఒక కాలు విరిగింది, రెండోదానికి గాయమైంది. లొయోలా ఇంట్లో నెలల తరబడి మంచాన పడ్డాడు. కాలక్షేపానికి వీరుల ప్రేమకథలు అడిగితే ఆ ఇంట్లో అవి దొరకలేదు. క్రీస్తు జీవితం ఒకటి, పునీతుల చరిత్రలు ఒకటి తెచ్చిచ్చారు. చదవడం ఆపినప్పుడు మనసు రెండువైపులా పరిగెత్తేది. ఒక గొప్పింటి స్త్రీని మెప్పించడానికి ఏమేం చేయాలో గంటలకొద్దీ ఊహించుకునేవాడు. ఇంకోసారి, ఆ పునీతుల్లోని ఫ్రాన్సిసు లాగా డొమినిక్ లాగా తానూ బతికితే ఎలా ఉంటుందని ఊహించుకునేవాడు. ఊహించుకున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. తేడా అంతా తర్వాతే. మొదటి ఊహ పోయాక మనసు వట్టిపోయేది. రెండోది పోయాక కూడా సంతోషం మిగిలేది. ఒకరోజు ఆ తేడా కంటబడింది, ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆయన కట్టిన విద్యకంతటికీ పునాది ఈ చిన్న గమనింపే: ఆలోచన వచ్చినప్పుడు ఎలా ఉందో కాదు, వెళ్ళాక ఏం మిగిల్చిందో చూడాలి.

మాన్సెరాట్ తర్వాత మన్రేసాలో గడిపిన పది పదకొండు నెలల్లో ఈ గమనింపుకు పదును వచ్చింది. రాత్రి నిద్రకు ఉపక్రమించే వేళకు గొప్ప ఆత్మీయ తలంపులు, ఆదరణలు ముంచెత్తేవి. అసలే తక్కువైన నిద్ర కాస్తా వాటితో పోయేది. రోజంతా ప్రార్థనకు వేళలున్నాయి కదా, మరి నిద్రవేళకే ఇవెందుకు వస్తున్నాయని ఆలోచించాడు. ఇవి మంచిచోటినుంచి వస్తున్నవి కావేమోనన్న అనుమానం కలిగింది. వాటిని పక్కకు నెట్టి పడుకోవడమే మేలని నిశ్చయించుకున్నాడు. భక్తి వేషంలో వచ్చిన ప్రతి ప్రేరేపణా పైనుంచి వచ్చినట్టు కాదని ఆయన నేర్చుకున్నది అక్కడే.

ఆ రోజుల్లో రాసుకున్న కాగితాలే పెరిగి 'ఆధ్యాత్మిక సాధనలు' అయ్యాయి. 1548లో మూడో పౌలు పోపు ఆ గ్రంథానికి ఆమోదం తెలిపాడు. కూర్చుని చదువుకునే పుస్తకం కాదది. సుమారు 30 రోజుల ధ్యానాన్ని నడిపించేవారి చేతిలో ఉండాల్సినది. ఇల్లూ పనీ వదిలి రాలేనివారికి రోజుకు గంటన్నర చొప్పున, ఉన్నచోటే చేసుకునే వీలూ అందులో ఉంది. నడిపించేవారికి ఒక కట్టడి కూడా ఉంది. ఎదుటివాణ్ణి ఏ వైపుకూ నెట్టకూడదు. తక్కెడ ముల్లులా నడిమధ్య నిలబడాలి. దేవుడికీ ఆ మనిషికీ మధ్య తాను దూరకూడదు. 'మీ గురించి దేవుడు నాతో మాట్లాడాడు' అంటూ ఊళ్ళోకి దిగే ప్రవక్తల పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

అందులోని వివేచన సూత్రాలు రెండు కట్టలు, ఒకటి 14, మరొకటి 8. ఎక్కువమందికి అక్కరకు వచ్చేది మొదటి కట్టలోని అయిదోది: ఆత్మ ఎండిపోయి, ప్రార్థన రుచించక, దేవుడు దూరమైనట్టున్న రోజుల్లో ఏ నిర్ణయాన్నీ మార్చవద్దు. అంతకుముందు మనసు నిండుగా ఉన్నప్పుడు అనుకున్నదాన్నే పట్టుకుని ఉండాలి. గొడవపడి వచ్చిన రాత్రి రాజీనామా ఉత్తరం రాయబోయేవాడికీ ఇది పనికొస్తుంది, మఠం విడిచిపోదామనుకునే కన్యస్త్రీకీ పనికొస్తుంది. రెండో కట్టలో ఒక చక్కని పోలిక ఉంది. మంచివైపు నడుస్తున్నవారి మీద మంచి ఆత్మ స్పాంజి మీద నీటిబొట్టులా మెత్తగా ఇంకుతుందట, చెడ్డది రాతి మీద పడ్డ బొట్టులా చప్పుడు చేస్తుందట.

కీలకమైన నిర్ణయాలకు మూడు సమయాలు చెప్పాడు. మొదటిది సందేహానికి చోటే లేని పిలుపు, సుంకపు మెట్టు దగ్గర మత్తయికి వచ్చినట్టు. రెండోది ఆదరణా శుష్కతా మారి మారి వస్తుండగా వాటి జాడను బట్టి తెలుసుకోవడం. మూడోది మనసు నిలకడగా ఉన్నప్పుడు బుద్ధితో తూచడం. కాగితం మీద లాభనష్టాలు రాసుకోవడం ఆయనకు అభ్యంతరం కాదు, బుద్ధి కూడా దేవుడిచ్చిందే కదా. ముఖపరిచయం లేని మనిషి ఎవరైనా ఇదే చిక్కుతో వస్తే ఏం సలహా ఇస్తావు? మరణశయ్య మీద ఉన్నప్పుడు ఏం చేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది? ఇలాంటి ప్రశ్నలూ వేసుకోమన్నాడు. ఒక ముందు షరతు మాత్రం ఉంది. తూచేవాడి వేలు తక్కెడ మీద ఉండకూడదు. అమెరికా సంబంధమే ఖాయం చేసుకోవాలని లోపల ముడి వేసుకుని, 'ప్రార్థనలో పెట్టాం' అనే ఇంట్లో తూకం అప్పటికే ముగిసిపోయినట్టు.

ఈ పని ఒంటరిగానే చేయాలనేమీ లేదు. 1539లో రోమ్‌లో ఇగ్నేషియస్, ఆయన సహచరులు తమలో ఒకరికి విధేయులై కొత్త సభగా ఏర్పడాలా అన్న ప్రశ్న ముందేసుకున్నారు. తర్వాత గోవాకు వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ కూడా వారిలో ఉన్నాడు. పగలు ఎవరి పని వారిది, కలిసి కూర్చునేది రాత్రి. చర్చ ముడిపడినప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకరోజు ప్రతివాడూ వద్దనడానికి కారణాలే చెప్పాలి, మరునాడు ప్రతివాడూ కావాలనడానికి కారణాలే చెప్పాలి. దాంతో ఏ పక్షమూ ఎవరి సొంతమూ కాలేదు. నెలలు గడిచి, జూన్ 24 నాటికి అందరి మాటా ఒక్కటైంది.

ప్రొటెస్టెంట్ల దారి వేరైనా, అక్కడా ఇదే ఓపిక కనిపిస్తుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జి ముల్లర్‌కు తెలుగునేలతో చుట్టరికం ఉంది. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో వెంటబెట్టుకొచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. దేవుని చిత్తం తెలుసుకోవడంలో ముల్లర్ మొదటి మెట్టు కూడా తన ఇష్టాన్ని పక్కన పెట్టడమే. 1845 అక్టోబరులో, పిల్లల సందడి ఇబ్బందిగా ఉందని విల్సన్ వీధిలోని పొరుగింటివారు ఉత్తరం రాశారు. ఆయన ఉండటానికీ వెళ్ళడానికీ కారణాలు రాసుకుని ప్రార్థనలో కూర్చున్నాడు. వెళ్ళాలనే తేలింది. మరుసటి ఫిబ్రవరిలో ఆష్లీ డౌన్‌లో నేల కొనబోతే యజమాని ఇంటి దగ్గరా పనిచోటా దొరకలేదు. రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉంటాడని చెప్పినా ముల్లర్ మళ్ళీ వెళ్ళలేదు. దొరకకపోవడంలోనూ దేవుని చేయి ఉందనుకుని మర్నాటిదాకా ఆగాడు. ఆ రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి నిద్రపట్టని యజమాని, ఎకరం 200 పౌండ్లకు అమ్మాలనుకున్న నేలను 120కే ఇవ్వాలని నిశ్చయించుకున్నాడు.

పెద్ద మలుపులు అరుదుగా వస్తాయి. మామూలు రోజులకు ఇగ్నేషియస్ ఇచ్చిన పనిముట్టు సాయంకాలపు ఆత్మపరిశీలన. అందులో అయిదు అంశాలు: ముందు కృతజ్ఞత, తర్వాత వెలుగు కోసం మనవి, పొద్దున్నించీ గంటగంటనూ నెమరేయడం, క్షమాపణ, రేపటికి తీర్మానం. పాపాల పద్దు ఒక్కటే చూసుకుంటే ఈ సాధన చిక్కిపోతుంది. ఎక్కడ మనసు విచ్చుకుంది, ఎక్కడ ముడుచుకుంది అన్నది వారాల తరబడి చూస్తే జాడ తెలుస్తుంది. 2022 ఆగస్టు నుంచి 2023 జనవరి వరకు పోపు ఫ్రాన్సిస్ తన బుధవారపు ప్రసంగాలలో 14 ఈ వివేచనకే కేటాయించాడు. ఆయనా యేసు సభవాడే.

1544 ఫిబ్రవరిలో, అప్పటికి సభాధిపతి అయిన ఇగ్నేషియస్ ముందు ఒక పొడి పరిపాలన ప్రశ్న ఉంది: సభ గుడులకు స్థిరమైన ఆదాయం ఉండవచ్చా? అటూ ఇటూ కారణాలు రాసుకున్నాడు. రోజూ పూజ చేస్తూ, లోపలి కదలికలను చిన్న పుస్తకంలో రాసుకుంటూ నలభై రోజులు కాచుకున్నాడు. ఉండకూడదన్న వైపే మొగ్గు నిలిచింది. అయినా ఇంకొక్క గుర్తు, ఇంకొక్క ఆదరణ కావాలనిపించేది. మార్చి 12న ఆ కోరికనే పట్టి చూస్తే, అది తన సొంత తృప్తి కోసమేనని తోచింది. ప్రశ్నను అక్కడితో ముగించాడు. అదే రోజు భోజనానికి కూర్చున్నప్పుడు, నిర్ణయాన్ని ఇంకొంచెం వాయిదా వేయరాదా అన్న తలంపు మళ్ళీ వచ్చింది. ఈసారి అది ఎవరి గొంతో ఆయనకు తెలుసు. నీ చోటికి నువ్వు పొమ్మన్నాడు.