వంతపాటకు దక్కని గౌరవము – స్వతంత్ర వాద్యబృందములపై ఒక పరిశీలనము

సౌకారుపేటలో బ్యాండు అను మాట వినినంతనే పెండ్లి ఊరేగింపు తలపునకు వచ్చును. జరీ కుట్టిన కోటులు, ఇత్తడి బాకాలు, పెద్ద డోలు, వెనుక గుఱ్ఱముపై వరుడు: గోవిందప్ప నాయకుని వీధిలోను తంగసాల వీధిలోను ఉత్తరాది వర్తకుల యిండ్ల శుభకార్యములకు ఈ మేళము సర్వసాధారణము. అందు బాకా ఊదువాని పేరు ఎవరును అడుగరు. ఏటేట తిరుమల బ్రహ్మోత్సవములకు ముందు ఈ పేట మీదుగానే తిరుపతి గొడుగుల ఊరేగింపు సాగును. అప్పుడు గోవింద నామము నెత్తుకొను గొంతుకలకును పేరు లేదు. చలనచిత్రపు పాటయందు దీనికి సరిగా విపర్యయము కానవచ్చును. అచ్చట గాయకునికే పేరు, మేళమునకు లేదు.

ఈ రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. నలుగురైదుగురు కలిసి తమ కూటమికి ఒక పేరు పెట్టుకొని, తమ పాటలను తామే కట్టుకొని, తామే వాయించుచు పాడుచు, చిత్రనిర్మాత కొఱకు గాక నేరుగా శ్రోత కొఱకు వెలువరించుట ఆ మార్గము. ఇట్టి దానిని నేడు స్వతంత్ర బ్యాండు అనుచున్నారు. తెలుగున ఇది ఎంతవరకు వేరూనినది, ఏ చోట తడబడుచున్నది అను విషయము విచారింపదగినది. అందులకు ముందుగా ఈ పద్ధతి బాగుగా పండిన నేలను ఒకసారి చూడవలెను.

ఆ నేల అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములు. అచ్చటి తెల్లవారి పల్లెపాటకు కంట్రీ సంగీతమని పేరు. నల్లవారి విషాదగీతములు బ్లూస్. ఈ రెండును విద్యుత్ గిటారుల రాక్ సంగీతముతో కలిసినపుడు పుట్టినదే దక్షిణ రాక్. 1969లో ఫ్లోరిడా యందలి జాక్సన్‌విల్‌లో ఏర్పడిన ఆల్‌మన్ సోదరుల బృందము దీనికి మొదటి మేటి. వారు ఆ యేడే జార్జియాలోని మేకన్ పట్టణమునకు తరలి, అచ్చటి కాప్రికార్న్ అను రికార్డు సంస్థ నీడన పెరిగిరి. న్యూయార్కు గాని లాస్ ఏంజెల్సు గాని పోయి స్థిరపడక, తమ ప్రాంతమునందే ఉండి పేరు తెచ్చుకొనుట ఆనాటికి గొప్ప విశేషము. ఆ కూటమిలో ఇరువురు ప్రధాన గిటారు వాదకులు, ఇరువురు డ్రమ్ము వాదకులు. డ్రమ్ము వాదకులలో ఒకడు నల్లజాతివాడు. ఆ రోజులలో దక్షిణ రాష్ట్రములందు ఇది చిన్న మాట కాదు. 1971లో వెలువడిన వారి ఫిల్మోర్ ఈస్ట్ సభా రికార్డులో ఒక్క పాటయే ఒక ప్రక్క యంతయు ఆక్రమించి, సుమారు 23 నిమిషములు సాగును. అందు పాడిన భాగము స్వల్పము. మిగిలినదంతయు వాద్యముల సంభాషణమే. కచేరీలో తని ఆవర్తనమునకు చెవియొగ్గి కూర్చుండు మన శ్రోతకు ఇది వింతగా తోపదు.

అదే జాక్సన్‌విల్ నుండి వచ్చిన లెనర్డ్ స్కినర్డ్ బృందమున ముగ్గురు గిటారు వాదకులుండిరి. జుట్టు పెంచిన కుర్రవాండ్రను సహింపని వ్యాయామోపాధ్యాయుని పేరును వెక్కిరింపుగా వంకరచేసి వారు తమకు పెట్టుకొనిరి. మన వీథినాటకములవారు కూడ మెచ్చదగిన కొంటెతనమిది. 1977లో విమాన ప్రమాదమున ప్రధాన గాయకుడు మరణించెను. పది సంవత్సరములకు, 1987లో, ఆయన తమ్ముడు గాయకుడు కాగా బృందము మరల లేచినది. గొంతు పోయినను కూటమి బ్రతికినది. అయితే ఈ బృందము చాలకాలము బానిసత్వపు పక్షమున పోరిన సమాఖ్య జెండాను వేదికపై నిలుపుకొనెను. పుట్టిన నేల మీది ప్రేమ దారితప్పిన తావు అది. దక్షిణ రాక్‌ను మెచ్చు విమర్శకుడు దీనిని దాచి మెచ్చరాదు.

కాప్రికార్న్ సంస్థ 1979లో దివాలా తీసెను. ప్రాంతీయమైనంత మాత్రాన ఆశ్రయము శాశ్వతము కాదని తేలినది. తరువాతి తరము వారు నేర్చిన పాఠము వేఱు: సంస్థయే తమదిగా ఉండవలెను. 2007లో టెక్సాసు తూర్పుభాగమున పాలస్టీన్ అను చిన్న పట్టణపు యువకులు కూర్చుకొన్న విస్కీ మైయర్స్ బృందము ఇందుకు చక్కని తార్కాణము. పెద్ద సంస్థలను ఆశ్రయింపక, వారు ఊరూర పానశాలలలోను సంతలలోను పాడుచు శ్రోతలను ఒక్కొక్కరినే కూడగట్టుకొనిరి. 2018లో యెల్లోస్టోన్ అను టెలివిజన్ నాటకము వారి పాటలను వాడుకొనెను. అంతటితో ఆగక, బృందమునంతను తన పేరుతోనే తెరపై పాడుచు వాయించుచు ఉన్నట్లు చూపెను. దానితో వారి పాత రికార్డులకు సైతము గిరాకి పెరిగెను. 2019లో బృందము పేరుతోనే, సొంత సంస్థ ద్వారా, తామే నిర్మించి వెలువరించిన సంపుటము అమెరికా కంట్రీ సంపుటముల పట్టికలో ప్రథమస్థానము నందినది. తెర వారిని విడదీయలేదు. ఉన్నవారిని ఉన్నట్లుగా చూపినది. ఈ యొక్క సంగతి మనస్సున నుంచుకొని తెలుగు వైపు మరలవలెను.

చెన్నపట్టణపు తెలుగువారికి చిత్రమునకు వెలుపలి పాట క్రొత్త కాదు. మద్రాసు రేడియో కేంద్రము 1938లో నెలకొన్న పిమ్మట లలితగీతములు ఇంటింట వినబడినవి. కరుణశ్రీ పుష్పవిలాపము, కుంతీవిలాపము ఘంటసాల కంఠమున గ్రామఫోను రికార్డులై, ఏ చిత్రపు ప్రాపును లేకయే తెలుగునాడెల్ల మ్రోగినవి. స్వతంత్రమైన తెలుగు గీతమునకు అంతటి వ్యాప్తి తరువాత దుర్లభమైనది. కాని అదియు ఒంటి గొంతు కళయే. పైపెచ్చు నాటి రికార్డునకు ప్రక్కకు మూడు నిమిషములు దాటి ఎక్కువ వ్యవధి లేదు. ఆ ఇఱుకులో పద్యమునకు చోటు చాలినదే గొప్ప. వాద్యము తన మాట తాను చెప్పుకొనుటకు తావెక్కడిది? గ్రామఫోను యంత్రము మన చెవికి ఒక అలవాటు నేర్పినది: పాట యనగా గొంతు, తక్కినది నేపథ్యము. చిత్రసంగీతము ఆ అలవాటును స్థిరపఱచినది.

కాలక్రమమున తెలుగు చిత్రపరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదు చేరెను. దాని నీడనే, దానికి దూరముగా నుండవలెనను కోరికతో, 2010 తరువాతి దశకమున తెలుగు బ్యాండులు కొన్ని హైదరాబాదునందు వెలసినవి. వానిలో విమర్శకు నిలువదగినది చౌరస్తా. పేరే చక్కనిది. నాలుగు త్రోవలు కలియు చోటు. తెలంగాణమున అందఱి నోట నానిన మాట. వీరు పల్లెపాటను జమైకా ద్వీపపు రెగ్గే లయకు జోడించిరి. రెగ్గేలో గిటారు తాళపు దెబ్బమీద గాక దెబ్బల నడుమ మ్రోగును. కర్ణాటక సంగీతజ్ఞుల అనాగతపు ఎత్తుగడతో దీనికి చుట్టరికము లేదు గాని, చెవికి కలుగు తూగు మాత్రము అట్టిదే. తెలుగు మాటలోని సహజమైన సాగుదలకు ఈ లయ అతికినట్లు అమరినది. టెక్సాసు బృందము తన ఊరి యాసను దిద్దుకొననట్లే వీరును తమ పలుకును దిద్దుకొనలేదు. అంతర్జాలమున నేరుగా శ్రోతలకు చేరిన ‘ఊరెళ్ళిపోతా మామ’ వారికి పేరు తెచ్చెను. 2020లో మహమ్మారి నాళ్ళ ‘చెయ్యి చెయ్యి కలపకురా’ అను హెచ్చరిక పాట ఇంటింటికిని ప్రాకెను.

‘ఊరెళ్ళిపోతా మామ’ను కొంచెము నిలిచి చూడవలెను. పట్టణమున విసిగినవాడు పల్లెకు మరలవలెనని కోరుట దీని విషయము. ఇది కంట్రీ సంగీతమునకు తరతరాల నుండి వచ్చు విషయమే. అమెరికా దక్షిణము పాడిన పాటలలో సగము ఇంటికి పోవు పాటలే అనిన అతిశయోక్తి కొంతయే. ఆ పల్లె వానికి ఎంత ప్రియమో అంత నిజమా అను ప్రశ్న ఇచ్చటను అచ్చటను ఒకటే. పల్లె విడిచి వచ్చుటకు కారణములుండును. వానిని తడవని పాట సగము మాత్రమే చెప్పినట్లు. కాని ఈ పాట బలము వేఱొకచోట నున్నది. అది ‘మామ’ను పిలిచి చెప్పు పాట. వినువాడొకడు ప్రక్కన ఉన్నాడు. ఒక్కడు పాడినను ఇరువురి మాటవలె నుండును; గుంపు గొంతుక అందుకొన్నపుడు పదిమంది దిగులగును. దీనిని ఒంటరి గాయకుడు వేదికపై పాడిన శ్రుతి చెడకపోవచ్చును గాని, ఆ మామ మాత్రము మాయమగును.

పిమ్మట జరిగినది తెలిసిన కథయే. బృందమున ప్రధాన గాయకుడైన రామ్ మిర్యాల కంఠమును చిత్రసీమ గుర్తించెను. 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రమున రధన్ స్వరపఱచిన ‘చిట్టి’ పాట, 2022లో ‘డీజే టిల్లు’ చిత్రమున తానే కట్టి పాడిన శీర్షికాగీతము ఆయనను అందఱికిని పరిచయము చేసినవి. ఇందు తప్పుపట్టుటకు ఏమియు లేదు. ప్రతిభ ఆయనది, జీవిక ఆయనది. ‘డీజే టిల్లు’ పాటయందు పాతబస్తీ ఊరేగింపుల హుషారును ఆయన పట్టిన తీరు కొనియాడదగినది కూడ. చింతింపదగినది చిత్రసీమ పిలిచిన తీరు. అది గొంతును పిలిచినది, బృందమును పిలువలేదు. యెల్లోస్టోన్ నాటకము చేసినట్లు కూటమిని కూటమిగా తెరమీదికి తీసికొనిపోవు ఆలోచనకు మన చిత్రములు అలవాటుపడలేదు. కాగా తెలుగున స్వతంత్ర బృందము చిత్రసీమకు గుమ్మముగా మాత్రమే చూడబడుచున్నది. గుమ్మము దాటిన పిదప దానివైపు మరల చూచువారు లేరు. ప్రదర్శనశాలల కొఱతయు ఇందుకు కారణమే. ఊరూర పాడి పొట్టపోసికొను త్రోవ ఉన్నచో టెక్సాసు యువకులవలె పదేండ్లు ఓపికపట్టవచ్చును.

అయితే కూటమిపాట తెలుగువారికి పరాయిదని చెప్పుటకు వీలు లేదు. బుఱ్ఱకథ ముగ్గురి కళ. నడుమ తంబురా చేతబట్టి కథకుడు. ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇరువురు వంతలు. ఒకడు హాస్యము చెప్పును, ఒకడు లోకపు సంగతులు విప్పును. మాటకు మాట అడ్డుతగులుచు, ప్రశ్నించుచు, కథను ముందుకు నెట్టువారు వారే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళను ఊరూర త్రిప్పినది. ఏ రాక్ బృందమును దీనికన్న ఎక్కువ స్వతంత్రముగా, ఎక్కువ కట్టుబాటుతో వాయించియుండదు. వాద్యకారుడు వ్యాఖ్యాతయు అగుట అమెరికా బృందములకు సైతము లేని సంపద.

మఱి ఆ సంపదకు భాషలో దక్కిన విలువ యెట్టిది? ఒకనికి లొంగి తలయూపువానిని ‘వంత పాడుచున్నాడు’ అందురు. సొంత మాట లేనివానిని ‘తందాన యనువాడు’ అందురు. రెండును బుఱ్ఱకథ వేదిక మీది మాటలే. రెండును తిట్లుగా మారినవి. ప్రక్కవాద్యమును, ప్రక్కగొంతును లోకువ చేసిన జాతి మనస్తత్వమునకు ఇంతకంటె వేఱు సాక్ష్యము వెదుకనక్కఱలేదు. చిత్రసీమ ఈ లోకువను పుట్టింపలేదు. ఉన్నదానిని వాడుకొన్నది. కావుననే చౌరస్తా వంటి బృందమును వినునపుడు గిటారు ఎవరు వాయించిరి, లయ ఎవరు పట్టిరి అను ప్రశ్న శ్రోతకు తోచదు. గుంటూరుసీమలో పుట్టి బుఱ్ఱకథ పితామహుడని పేరొంది, 1986లో పద్మశ్రీ నందుకొన్న షేక్ నాజరును ఎఱుగని తెలుగువారు తక్కువ. ఆయనకు కుడియెడమల నిలిచి రేయెల్ల గుమ్మెట కొట్టినవారి పేర్లు అడిగిన చెప్పగలవారు అంతకన్న తక్కువ.